డాబాకు ఏ పొర? మా ఇంటి అనుభవం

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి డాబా కారుతుంటే తెనాలిలోని మా ఇంటి హాల్లో మూడు గిన్నెలు, ఒక బకెట్ పెట్టుకుని కూర్చున్నాము. తెల్లవారేసరికి ఫ్యాను కొక్కెం చుట్టూ పళ్ళెమంత చెమ్మ మరక. దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేశాను. మా నాన్నగారి అలవాటు అది. మరక పెరిగిందో లేదో కళ్ళకు గుర్తుండదు, గీతకు గుర్తుంటుంది అనేవారు.

ఇల్లు 1991లో కట్టింది. శ్లాబు మీద నాలుగు అంగుళాల ఇటుక ముక్కల సున్నం గచ్చు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి చెక్కలతో కొట్టి వేసిన పాత పని. దాని మీద ఆరేళ్ళ క్రితం తెల్లటి యాక్రిలిక్ పూత వేయించాను. మూడు వేసవులు బాగానే గడిచాయి. తర్వాత నీళ్ళు నిలిచే చోటల్లా అప్పడంలా పొంగి లేచిపోయింది. ఎండకు ఓర్చుకునే ఆ పూతకు నిలవ నీటితో పడదని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, ధర ఒక్కటే అడిగాను.

ఈసారి ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిచాను. మొదటి ఆయన తారు షీటు వేద్దామన్నారు. ఏపీపీ మెంబ్రేన్ అంటారు. తారులో ప్లాస్టిక్ కలిపి, మధ్యలో పాలిస్టర్ బట్ట పెట్టి చుట్టలుగా చేసిన సరుకు. గ్యాస్ మంటతో అడుగు భాగం కరిగించి అంటిస్తారు. నాకు బాగా నచ్చింది. నాలుగు మిల్లీమీటర్ల మందం ఫ్యాక్టరీలోనే ఖాయమై వస్తుంది, ఎవరి చేయి తేలికో ఎవరిది బరువో అన్న బెంగ లేదు.

అయితే ఆయన కాగితం మీద పది చుట్టలు అని రాశారు. చుట్ట మీటరు వెడల్పు, పది మీటర్ల పొడవు. మా డాబా 1,100 చదరపు అడుగులు, అంటే సుమారు 102 చదరపు మీటర్లు. పైకి లెక్క సరిపోయినట్టే ఉంది. కానీ పక్క షీటు మీదికి పది సెంటీమీటర్లు, చివర్లో పదిహేను సెంటీమీటర్లు ఎక్కించి అతకాలి. పిట్టగోడ మీదికి చుట్టూ ఒక అడుగు లేపాలి. ఇవన్నీ కలిపితే పదమూడు చుట్టలు కావాలి. ఆ మూడు చుట్టలు ఎక్కడ తగ్గిస్తారు? అతుకుల్లోనూ, గోడ మూలల్లోనూ. నీళ్ళు దిగేది సరిగ్గా అక్కడే. అడిగితే, “పనిలో సర్దుకుంటుంది సార్” అన్నారు.

అప్పుడు పైకెళ్ళి శ్లాబులోంచి లేచినవన్నీ లెక్కపెట్టాను. ట్యాంకు దిమ్మెలు నాలుగు, సోలార్ హీటరు స్టాండు కాళ్ళు నాలుగు, గొట్టాలు ఆరు. మొత్తం పద్నాలుగు. షీటు వేస్తే పద్నాలుగు చోట్ల కత్తిరించి ముక్కలు అతకాలి. ఖాళీ డాబా అయితే ఇప్పటికీ తారు షీటుకే ఓటేస్తాను. మా డాబా ఖాళీది కాదు.

డాలస్‌లో ఉండే మేనల్లుడు, “మావయ్యా, మా ఆఫీసు కప్పుకు ఈపీడీఎం అనే రబ్బరు షీటు వేశారు, చాలా ఏళ్ళు ఉంటుందట” అన్నాడు. మంచిదే. కానీ వాళ్ళ కప్పు మీదికి ఏసీ మెకానిక్ తప్ప ఎవరూ ఎక్కరు. మా అమ్మ మాఘంలో వడియాలు పెడుతుంది, వేసవిలో మిరపకాయలు ఎండబోస్తుంది. నల్ల షీట్లనగానే, “వాటి మీద కాలు పెడితే బొబ్బలు లేస్తాయిరా, పైన తెల్ల పలకలు పరిపించు” అంది. అడుగున ఏది వేసినా పైన ఏముండాలో అలా తేలిపోయింది.

రెండో ఆయన చెప్పింది పాలీయురేథేన్ పూత, పనివాళ్ళ భాషలో పీయూ. ద్రవంగా పూస్తే అతుకులేని రబ్బరు పొరలా గట్టిపడుతుంది, గొట్టాల చుట్టూ కూడా తిరిగి వస్తుంది. దానికే ఒప్పుకున్నాను. దాని బలహీనత చెమ్మ. కింద తడి ఉంటే బుడగలు లేస్తాయి. అందుకే ఫిబ్రవరిలో తడిసిన గచ్చంతా తవ్వించి, తూముల వైపు వంద అడుగులకు ఒక అడుగు వాలు వచ్చేలా సిమెంటు పని చేయించి, మే దాకా ఆగాను. ఏప్రిల్‌లో అడుగున్నర చదరం పాలిథిన్ కాగితం నేలకు టేపుతో అంటించి రాత్రంతా వదిలేస్తే, పొద్దున అడుగున నీటి చుక్కలు కనబడ్డాయి. కాంట్రాక్టరు విసుక్కున్నారు. మే మొదటి వారంలో అదే కాగితం పొడిగా లేచింది.

రెండు పూతలు, మధ్యలో ఫైబర్ వల. ఇక్కడ మందం పనివాళ్ళ చేతిలో ఉంటుంది కాబట్టి కుర్చీ వేసుకుని పూత డబ్బాలు లెక్కపెట్టాను. పూత ఎండిన వారానికి తూములు మూసి రెండు అంగుళాల నీళ్ళు నిలిపి 48 గంటలు ఉంచాము. మే ఎండకు ఆవిరయ్యేదెంత, కారేదెంత అని తెలియడానికి పక్కనే ఒక స్టీలు బేసిన్లోనూ అంతే లోతు నీళ్ళు పెట్టాను. రెండో రోజుకు డాబా మట్టం బేసిన్ కంటే దిగింది. కింద వెతికితే తూర్పు తూము గొట్టం పక్కన చెమ్మ. పూత గొట్టం లోపలికి దిగకుండా అంచు దగ్గరే ఆగిపోయింది. చెక్కించి, మళ్ళీ పూయించి, మళ్ళీ నీళ్ళు నిలిపాము. ఆ తర్వాతే పలకలు పరిచారు. పలకల కింద లోపం వస్తే పగలగొట్టాల్సిందే, ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నాను.

2024 ఆగస్టు 31న మొదలైన వాన విజయవాడను ముంచింది. తెనాలిలోనూ ఎడతెరిపి లేదు. రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేసి చూశాను. మరక గీత దాటలేదు, గిన్నెలు వంటింట్లోనే ఉన్నాయి. హాలుకు రంగు వేయించమని అమ్మ రోజూ అంటూనే ఉంది. ఇంకో రెండు వానాకాలాలు పోనిమ్మన్నాను. అంతవరకు ఆ పెన్సిలు గీత చెరపడానికి నాకు చేయి రాదు.