మాట వినడన్నారు, వాడికి మాట వినపడటమే లేదు

నిన్న మధ్యాహ్నం మా బాబు చెవుల రిపోర్టు చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

వాడికి ఐదేళ్లు నిండాయి. మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు. వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతే పరధ్యానం అని అత్తయ్య అనేవారు. టీవీ సౌండ్ పెంచితే నేనే తిట్టి తగ్గించేదాన్ని.

డాక్టరు అపాయింట్‌మెంట్, పరీక్షలు అన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. నన్ను కాల్చుకు తిన్నది అంతకుముందు స్కూల్లో జరిగిన మీటింగే.

తలుపు బార్లా తెరిచే ఉంది. బయట మిగతా తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. "మీవాడు చెప్పిన మాట వినడండీ. పిలిచినా కావాలనే పలకడు. ఇంట్లో గారాబం ఎక్కువైందా?" అని టీచరు అందరికీ వినపడేలా అడిగింది. వాడి డిక్టేషన్ నోట్‌బుక్ నా ముందు పెట్టింది. "పడవ" అని చెబితే "తడవ" అని రాశాడు. దాని చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా, కింద "శ్రద్ధ లేదు" అని రాసి ఉంది. నేను తలదించుకుని సారీ చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి వాణ్ని కేకలేశాను. వాడు ఏడవలేదు. కళ్లార్పకుండా నా పెదాలవైపే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు.

అసలు సంగతి పట్టుకున్నది పక్కింటి పెద్దావిడ. "ఎదురుగా ఉంటే బాగానే మాట్లాడతాడమ్మా. ఆటల్లో వెనక నుంచి పిలిస్తేనే తిరగడు. ఒకసారి చెవులు చూపించు" అంది.

పరీక్షలో హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినపడగానే చేతిలో ఉన్న చెక్కముక్కని బుట్టలో వేయమన్నారు. మొదట్లో టకటకా వేశాడు. తర్వాత ఆ ముక్క పట్టుకున్న చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. శబ్దం కోసం వాడు ఎంత శ్రద్ధగా ఎదురుచూశాడో నేను కళ్లారా చూశాను. శ్రద్ధ లేదట!

రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరింది. 35 డెసిబెల్స్ కన్నా చిన్న శబ్దాలు వాడికి అందడం లేదు. గుసగుస 30 దగ్గర ఉంటుంది. గోలగా ఉండే క్లాసులో వెనక బెంచీకి సగం మాటలే చేరతాయి. జలుబు చేశాక చిన్నపిల్లల్లో ఇది మామూలేనని, చాలామందికి మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుందని, తగ్గకపోతే చిన్న గొట్టం అమర్చే ఆపరేషన్ ఉంటుందని డాక్టరు చెప్పారు.

చైల్డ్ సైకాలజీ క్లాసులో బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ అనే సైకాలజిస్టు గురించి చదువుకున్నాను. ఇల్లు ఎలా ఉంది, బడి ఎలా ఉంది అన్నదే కాదు, ఆ రెండింటి మధ్య సంబంధం ఎలా ఉందన్నదీ పిల్లల ఎదుగుదల మీద పనిచేస్తుందని ఆయన 1979లోనే రాశాడు. మా ఇంట్లో టీవీ సౌండ్ సంగతి స్కూలుకి తెలియదు. "తడవ" సంగతి మాకు తెలియదు. ఆట సంగతి పెద్దావిడకి తప్ప ఎవరికీ తెలియదు. మధ్యలో పిల్లాడు మొండివాడైపోయాడు.

మీ పిల్లల గురించి ఎవరైనా "శ్రద్ధ లేదు" అంటే ముందు చెవులు, కళ్లు చూపించండి. అలాంటి మీటింగుకి ఒంటరిగా వెళ్లకండి. తలుపు వేయమని అడగండి.

ఈ ఉదయం రిపోర్టు తీసుకుని స్కూలుకి వెళ్లాను. వాణ్ని మొదటి బెంచీకి మార్పించాను. బోర్డువైపు తిరిగి కాకుండా వాడివైపు చూస్తూ మాట్లాడమని చెప్పాను. టీచరు సారీ చెప్పలేదు. అదే నోట్‌బుక్ తెరిచి, "శ్రద్ధ లేదు" అన్న మాట కొట్టేయించి, పక్కన సంతకం పెట్టించుకుని వచ్చాను.