గడువు ముందే రాసి ఉన్న భవిష్యత్తు

కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునే కుర్రవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "రాబోయే పదేళ్ళలో ఏది నడుస్తుందండీ?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలనన్న ధైర్యం నాకు లేదు, చెప్పగలమనేవారి మీద నమ్మకమూ లేదు. అయితే భవిష్యత్తు అంతా ఊహకే వదిలేయవలసినది కూడా కాదు. అందులో కొంత భాగం చట్టాల్లోనూ, ఒప్పందాల్లోనూ, జనన గణాంకాల్లోనూ తేదీలతో సహా ముందే నమోదై ఉంటుంది. ఫోన్‌లో ఏ కొత్త యాప్ వచ్చిందో రోజూ చూసేవారు సైతం ఆ కాగితాలను చదవడానికి బద్ధకిస్తారు. ఆ కాగితాలను చదివినవారు ఏం సాధించగలరో, ఎక్కడ తడబడగలరో తెలుసుకోవడానికి హైదరాబాద్ మందుల పరిశ్రమను మించిన ఉదాహరణ మన మధ్య లేదని నా అభిప్రాయం.

పేటెంట్ అంటే కనిపెట్టినవారికి కొంతకాలం దక్కే ప్రత్యేక హక్కు. 1911 నాటి పేటెంట్ చట్టం అమల్లో ఉన్నంతకాలం మన దేశపు మందుల మార్కెట్ ఎక్కువగా విదేశీ కంపెనీల చేతుల్లోనే ఉండేది. ఆ చట్టాన్ని మార్చాలని జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో నివేదిక ఇచ్చారు. కొత్త చట్టం 1970లో ఆమోదం పొంది 1972లో అమల్లోకి వచ్చింది. మందు అనే పదార్థం మీద పేటెంట్ ఉండదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంటుంది, అదీ గరిష్ఠంగా ఏడేళ్ళే అని ఆ చట్టం చెప్పింది. అంటే అదే మందును వేరే పద్ధతిలో తయారుచేయగల రసాయన శాస్త్రజ్ఞుడికి తలుపు తెరుచుకున్నట్టే. నివేదికకూ అమలుకూ మధ్య పదమూడేళ్ళ వ్యవధి ఉంది కనుక, ఈ మార్పు ఎవరి మీదా అకస్మాత్తుగా వచ్చి పడలేదు.

అలాంటి శాస్త్రజ్ఞులు హైదరాబాద్‌లో దొరకడానికి కారణం బాలానగర్‌లో సోవియట్ సహకారంతో వెలసిన ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారం. ముడి మందుల తయారీని చేతులతో నేర్పిన బడి అది. అక్కడ కొన్నేళ్ళు పనిచేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి, మరో రెండు సంస్థల అనుభవం తరువాత, 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీని స్థాపించారు. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో హాచ్-వాక్స్‌మన్ చట్టం వచ్చింది. అంతవరకు పేటెంట్ గడువు తీరిన మందును తయారుచేయాలన్నా భద్రతా పరీక్షలన్నీ మొదటి నుంచి చేయవలసి వచ్చేది. అసలు మందు శరీరంలో ఎంత చేరుతుందో మన మందూ అంతే చేరుతుందని నిరూపిస్తే చాలునని ఈ చట్టం అన్నది. పైగా ఏ మందు పేటెంట్ ఎప్పుడు ముగుస్తుందో ఆ దేశపు నియంత్రణ సంస్థే జాబితాగా ప్రచురిస్తుంది. పేటెంట్‌ను సవాలు చేస్తూ మొదట దరఖాస్తు పెట్టి నెగ్గినవారికి 180 రోజులపాటు అదే మందును తయారుచేసే ఇతర (జనరిక్) కంపెనీల పోటీ లేకుండా అమ్ముకునే వీలు కూడా ఇచ్చారు. 2001లో మానసిక కుంగుబాటుకు వాడే ఫ్లుఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల మందుతో డాక్టర్ రెడ్డీస్ ఈ హక్కును సాధించింది. అలా సాధించిన మొదటి భారతీయ కంపెనీ అదే.

ఇంతకంటే ఆసక్తికరమైనది తరువాతి ఘట్టం. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు, మందుల మీద పదార్థ పేటెంట్లు ఇవ్వడానికి మన దేశానికి 2005 వరకు గడువు దొరికింది. పదేళ్ళ ముందు తేదీ ప్రకటించి వచ్చిన మార్పు ఇది. అయినా ఆ తేదీని అందరూ ఒకేలా అర్థం చేసుకోలేదు. ఇకమీదట సొంతంగా కొత్త మందు కనిపెట్టినవాడిదే మనుగడ అని కొందరు భావించారు. 1993లోనే పరిశోధనా సంస్థను నెలకొల్పిన డాక్టర్ రెడ్డీస్ 1997లో తన మధుమేహ ఔషధ అణువును డెన్మార్క్ సంస్థ నోవో నార్డిస్క్‌కు లైసెన్స్ ఇచ్చి సంచలనం సృష్టించింది. కానీ అలా ఇచ్చిన మందుల్లో ఒకటైన రాగాగ్లిటజార్ పరీక్షలు, జంతువుల్లో మూత్రాశయ కణితులు కనిపించడంతో 2002లో ఆగిపోయాయి. మరోవైపు మురళి దివి 1990లో ప్రారంభించిన దివీస్, పేటెంట్ తగాదాల జోలికి పోకుండా, మందును కనిపెట్టిన పెద్ద కంపెనీలకే ముడి పదార్థాలు తయారుచేసి ఇచ్చే దారి పట్టింది. తేదీ అందరికీ ఒకటే, నిర్ణయాలే వేరు. నా దృష్టిలో రెండోది ఎక్కువ తెలివైన నిర్ణయం, అయితే ఈ మాట ఫలితం చూశాక చెబుతున్నదేనని ఒప్పుకోవాలి.

తేదీ తెలిసినంత మాత్రాన లాభం రాదనడానికి మరో కారణం కూడా ఉంది: అది అందరికీ తెలుసు. పేటెంట్ ముగిసిన వెంటనే డజను కంపెనీలు దిగితే ధర కుప్పకూలుతుంది. మధుమేహానికీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లుటైడ్‌కు మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి అని ఎప్పటినుంచో తెలిసినదే. పెద్ద కంపెనీలు సిద్ధమయ్యే ఆ పందెంలోకి చిన్న పెట్టుబడిదారు దిగకూడదు. కానీ ఆ మందు ఎక్కువగా ఇంజెక్షన్ పెన్నుల్లో వస్తుంది, వాడేముందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిల్వ ఉంచాలి. ధర తగ్గి వాడకం పెరిగితే, జిల్లా కేంద్రాల నుంచి మండలాల మందుల షాపుల దాకా ఆ చల్లదనాన్ని తెగకుండా చేర్చేవారు కావాలి, వాడిన సూదులను సేకరించేవారు కావాలి. ఏ కంపెనీ గెలిచినా ఈ పని ఉంటుంది.

మందుల సంగతి అలా ఉంచితే, మన రెండు రాష్ట్రాల్లో ఇంకా స్పష్టంగా రాసి ఉన్నది జనన గణాంకం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసిందంటే ప్రభుత్వానికి కూడా ఈ లెక్క అర్థమైందన్నమాట. 2020లో పుట్టిన పిల్లలు దాదాపు 2036లో ఇంటర్‌లో చేరతారు. వారు ఎంతమందో ఇప్పటికే తేలిపోయింది. చిన్న పట్టణంలో ఇరవై ఏళ్ళ అప్పుతో స్కూలు భవనం కట్టబోయేవారు ఆ మండలంలో అంగన్‌వాడీ పిల్లల సంఖ్య ఏటేటా ఎలా మారుతోందో కనుక్కోకుండా సంతకం పెట్టడం నాకు వింతగా తోస్తుంది.

ఇదే లెక్కకు రెండో వైపు వృద్ధులు. పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉండగా గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా మిగిలే తల్లిదండ్రుల సంఖ్య పెరుగుతుందనడంలో సందేహం లేదు. వృద్ధాశ్రమం అనగానే ముఖం చిట్లించే కుటుంబాలు కూడా, ఆసుపత్రికి తోడుగా వెళ్ళే మనిషికీ, మోకాలి ఆపరేషన్ తరువాత ఇంటికి వచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టుకూ డబ్బు ఇవ్వడానికి వెనుకాడవు. అవసరం ఖాయం, చెల్లించేవారు కూడా ఉన్నారు. కొరత ఉన్నది పని తెలిసిన మనుషులకు. ఐడీపీఎల్ లాంటి బడి ఈ రంగానికి ఇంకా లేదు. కనుక ఇందులోకి దిగేవారు యాప్ మీద పెట్టే ఖర్చులో సగమైనా సహాయకుల శిక్షణ మీద పెట్టాలి, రాత్రిపూట వృద్ధుల దగ్గర తోడుండే పనికి ఎంత జీతమిస్తే మనిషి ఆరు నెలలు నిలుస్తాడో మొదట తేల్చుకోవాలి.