పరారీలో ఉన్నవాడి పరువు

"అదెలా కుదురుతుంది బాబాయ్? అరెస్టు వారెంట్ ఉండి పరారీలో ఉన్న నాయకుడు, తన మీద ఫిర్యాదు చేసిన విజిలెన్స్ ఆఫీసరు మీద పరువు నష్టం కేసు వేస్తాడా?" అని అడిగేశాను.

పర్లాఖెముండి కోర్టు గేటు దగ్గర టీ కొట్టు. బాబాయ్ వకీలు గుమాస్తా. చంకలో తాడు కట్టిన కేసు కట్టలు, పైన ఒడియాలో ఉన్న సమన్లు.

"క్రిమినల్ అయితే భారతీయ న్యాయ సంహిత, అదే బీఎన్‌ఎస్, 356వ సెక్షన్. మేజిస్ట్రేట్ ముందుకొచ్చి ప్రమాణం చేసి చెప్పాలి, వస్తే పట్టుకుంటారు. సివిల్ దావాకి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే చాలురా" అన్నాడు.

అక్కడే నాకు మండింది. గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు ఉన్న పరువు నష్టం నేరం పాత చట్టంలో ఉన్నప్పుడే, అది రాజ్యాంగబద్ధమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. సదుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు మినహాయింపు ఉంది, నిజమే. కానీ అది నిరూపించుకోవడానికి వాయిదాల చుట్టూ తిరగాల్సింది ఆ ఆఫీసరే కదా!

దావా వేసేవాడు ముందు లొంగిపోవాలి. చట్టంలో ఆ ఒక్క షరతు పెట్టాలని నా గట్టి కోరిక.