పెడల్ మీద కాలు

పొద్దున ఐదింటికే లాగిన్ అయ్యాను. అమెరికా డాక్టర్లు పగలంతా చూసిన పేషెంట్ల సంగతులు రికార్డు చేసి ఇళ్లకు పోయే వేళకి ఇక్కడ సత్యనారాయణపురంలో మా వీధిలోకి పాలబండి వస్తుంది. 2003లో ఈ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో చేరినప్పుడు, వాళ్లు చెప్పింది విని టైపు కొట్టడమే పని. ఇప్పుడు విని టైపు కొట్టేది మెషీనే, నేను దాని తప్పులు దిద్దుతాను, లైనుకి వచ్చేది మాత్రం అప్పటి రేటులో సగం. లైనంటే ఖాళీలతో కలిపి 65 అక్షరాలు. అదొక్కటీ మారలేదు.

"కంప్యూటరే కొట్టి పెడుతోందిగా, నీకేం" అంటారు మా ఆయన. అబ్బే. మనిషి తప్పు కొడితే స్పెల్లింగు పోతుంది, చూడగానే కంట్లో పడుతుంది. ఇది తప్పుని కూడా ఇస్త్రీ చొక్కాలా మడిచి పెడుతుంది. నిన్న డాక్టరు హైపోటెన్షన్ అంటే హైపర్‌టెన్షన్ అని రాసింది, పడిపోయిన బీపీ కాస్తా పెరిగిన బీపీ అయి కూర్చుంది, వాక్యం చూస్తే ఎక్కడా వంక లేదు. ఇంకోచోట 'నో' ఎగిరిపోయి, లేని ఛాతీనొప్పి వచ్చిపడింది. అందుకని ప్రతి మాటనీ అనుమానంతో వినాలి, గంటల తరబడి. టైపు కొట్టిన రోజుల్లో సాయంత్రానికి వేళ్లు లాగేవి, కాస్త కొబ్బరినూనె రాసుకుంటే పోయేది. ఈ అలసటకి ఎక్కడ రాసుకోవాలో తెలీదు.

డిగ్రీలో ఎకనమిక్స్ చదివే మావాడు టిఫిన్ తింటూ చెప్పాడు, వందేళ్లకి మనుషులు వారానికి 15 గంటలు పనిచేస్తే చాలని కీన్స్ అనే ఆయన 1930లోనే రాశాడట. 2030 ఎంతో దూరం లేదు మరి. రేటు తగ్గాక లైన్లు పెంచక తప్పలేదు, పోయిన వారం నా లెక్క 57 గంటలు. వాడు వెంటనే ఫోన్ చూపించాడు: వారానికి 35-40 గంటలు చేసేవాళ్లకంటే 55, ఆపైన చేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. స్ట్రోక్ రిపోర్టులు నేను రోజూ దిద్దేవే, అయినా ఇంకో ఇడ్లీ వేసుకోబుద్ధి కాలేదు.

పదకొండింటికి ఒక ఫైలు మొత్తం టైపు చేయమని వచ్చింది. ఎవరో పెద్దాయన, నోట్లో కిళ్లీ పెట్టుకున్నట్టు మాట్లాడతాడు, మెషీన్‌కి ఒక్క ముక్క అంతుపట్టలేదు. బల్ల కింద మూలకి నెట్టేసిన ఫుట్ పెడల్ని కాలితో ఇవతలికి లాక్కున్నాను. నొక్కితే ఆడియో నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది, పక్కన నొక్కితే వెనక్కి పోతుంది. రెండు నిమిషాల్లో కాలూ చెవీ వేళ్లూ వాటంతటవే కలిసిపోయాయి. గవర్నరుపేట టైపు ఇన్‌స్టిట్యూట్లో మాస్టారు స్కేలుతో బల్లమీద తాళం వేస్తూ లోయర్ పరీక్షకి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45 కొట్టించేవారు, అదే ఊపు. పదకొండు నిమిషాల ఫైలుకి గంట పట్టింది, పప్పు మాడింది. మధ్యాహ్నం మాత్రం ఎన్నాళ్లకో ఒళ్లు తెలియని నిద్ర.

సాయంత్రం మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేసి, ఆ పెద్దాయన ఫైళ్లన్నీ నాకే వేయమన్నాను.

"మేడమ్, మీరు కొట్టినవాటితోనే మెషీన్‌కి ఆయన గొంతు నేర్పిస్తున్నారు. ఇంకో నెలలో అవీ ఎడిటింగ్‌కే వస్తాయి" అన్నాడు.

ఆ నెలకైనా వెయ్యి బాబూ అన్నాను.