ఆరు ప్రాసెసర్లకు ఒక ముక్కుపుడక

మా కాలేజీలో పాత కంప్యూటర్లు తుక్కుకి వేస్తుంటే, వాటిలోని బంగారం తీద్దామని అడిగి ఆరు 486 ప్రాసెసర్లు (కంప్యూటర్‌కి మెదడులాంటి చిప్‌లు) తెచ్చుకున్నాను. 1989లో వచ్చిన రకం. సిరామిక్ పలక, కింద బంగారు పూత పిన్నులు. నేను పనిచేసేది కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే కాబట్టి విషపు పొగలను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉంది. అది లేకుండా డాబా మీద బకెట్లు పెట్టి ఈ పని చేసేవాళ్లను తలుచుకుంటేనే నాకు భయం.

గుడ్డలో చుట్టి సుత్తితో పగలగొట్టాను. నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్‌లో వేసి వేడి చేస్తే గోధుమరంగు పొగ లేచింది. పిన్నుల్లోని ఇనుము, నికెల్ కరిగి ద్రావణం ఆకుపచ్చగా మారింది. పైపూత మాత్రం కరగలేదు. పాము విడిచిన కుబుసంలా, పిన్ను ఆకారంలోనే సన్నటి పసుపు గొట్టాలు మిగిలాయి. అవి చూసి అరగంట అక్కడే నిలబడిపోయాను.

తర్వాత బంగారాన్ని కూడా కరిగించే ద్రవరాజం. మూడు వంతులు హైడ్రోక్లోరిక్, ఒక వంతు నైట్రిక్. ఇక్కడే తొందరపడ్డాను. కరగడం ఆలస్యమైందని ఇంకాస్త, ఇంకాస్త అంటూ నైట్రిక్ పోసేశాను. వడకట్టి, కరిగిన బంగారాన్ని మళ్లీ పొడిగా కిందకి దింపే సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే గోధుమరంగు మబ్బులా వచ్చి, కళ్లముందే మాయమైంది. మళ్లీ వేశాను, మళ్లీ అంతే. ఒకటే టెన్షన్. బంగారమంతా పోయిందనుకున్నాను. ఫిల్టర్ కాగితం మీద ఒక చుక్క వేసి స్టానస్ క్లోరైడ్ తగిలిస్తే ముదురు ఊదా రంగు! బంగారం అందులోనే ఉంది. మిగిలిపోయిన నైట్రిక్ దాన్ని కిందకి దిగనివ్వడం లేదు, అంతే. నురగ ఆగేదాకా, ఆ నైట్రిక్‌ను పోగొట్టే సల్ఫామిక్ యాసిడ్ కొంచెం కొంచెంగా వేసి, చల్లారాక మళ్లీ మెటాబైసల్ఫైట్ వేశాను. తెల్లారేసరికి బీకరు అడుగున కాఫీ మడ్డిలాంటిది పేరుకుంది.

కడిగి ఆరబెట్టి పొట్లం కట్టి మా వీధి ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్లాను.

"ఇటుక పొడి తెచ్చావేంటయ్యా?" అన్నారు.

"మీరు ఒకసారి మూసలో వేసి చూడండి."

వెలిగారం చల్లి మంట పెట్టారు. బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. పొడి ముందు ఎర్రబడింది, తర్వాత దగ్గరికి ముడుచుకుంది, ఉన్నట్టుండి గుండ్రటి బొట్టయి మూసలో దొర్లింది. గీటురాయి మీద గీసి చూసి, తూకం వేశారు. 0.68 గ్రాములు.

"ముక్కుపుడకకి సరిపోతుంది, మజూరీ వేరే," అన్నారు నవ్వుతూ.

యాసిడ్ల ఖర్చు నేనింకా లెక్క వేయలేదు. ఆ ఆకుపచ్చ నీళ్లు మాత్రం లేబుల్ అంటించిన డబ్బాలో, యాసిడ్‌ను విరిచే సున్నం కోసం ఎదురుచూస్తూ హుడ్ కిందే ఉన్నాయి.