సేలంలో హాలోవీన్ రాత్రి: గుమ్మం దగ్గర అడిగిన రాశి

ఇవాళ మధ్యాహ్నమే బోస్టన్ నుంచి న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటికి చేరాం. బట్టల సంచులు ఇంకా విప్పలేదు. నిన్న రాత్రి మసాచుసెట్స్‌లోని సేలంలో వేషాల పార్టీ గుమ్మం దగ్గర జరిగింది మనసులో ఉడుకుతుండగానే రాసేయాలని కూర్చున్నాను. ఇలాంటి ప్లాన్ వేసుకునేవాళ్లు హాలోవీన్ లోపు ఇది చదివితే నాకు జరిగింది వాళ్లకు జరగదు.

పదేళ్లుగా హాలోవీన్ అంటే మాకు వేషాలేసుకుని మిఠాయిలు అడిగే పిల్లల వెనకాల బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరగడమే. ఈసారి పెద్దవాళ్లం నలుగురమే, హడావుడి లేకుండా, వేషాలు వేసుకుని ఒక సాయంత్రం బయట గడపాలని నేను, మా చెల్లి అనుకున్నాం. చెల్లి వాళ్లు ఉండేది బోస్టన్ పక్కన మాల్డెన్‌లో. మంత్రగత్తెల విచారణలకు పేరుపడ్డ సేలం అక్కడికి దగ్గర. అమ్మ కూడా ఇప్పుడు వాళ్లింట్లోనే ఉంది కాబట్టి పిల్లల బెంగ లేదు. హాలోవీన్ రోజు, అక్టోబరు 31 శుక్రవారం, పిల్లలది, దాన్ని ముట్టుకోకూడదు. పైగా ఆ రోజు సేలంలో కాలు పెట్టే సందు ఉండదు. 44 వేల పైచిలుకు జనం ఉన్న ఊరికి ఒక్క అక్టోబరులోనే 10 లక్షల మందికి పైగా వస్తున్నారు. అందుకని ముందు శనివారం, 25వ తేదీ పెట్టుకున్నాం.

ఆ రోజు నాగుల చవితి అని టికెట్లు కొన్నాక తెలిసింది.

"నాగుల చవితి నాడు దెయ్యాల వేషాలేంటే? జుట్టు విరబోసుకుని తిరుగుతారా ఊళ్లో?" అంది అమ్మ ఫోన్‌లో. నేను అనుకున్నది కొరివి దెయ్యం వేషం. తెల్ల చీర, మట్టి పిడతలో బ్యాటరీ దీపం, అన్నీ సిద్ధం చేసుకున్నాను. అమ్మ మాటతో మానేశాను. అప్పుడు తట్టింది యమలోకం ఆలోచన. మా ఆయన యముడు, మరిది చిత్రగుప్తుడు, నేను, చెల్లి యమభటులు. ఇందులో దెయ్యాల ఊసే లేదు. పైగా గురువారమే యమద్వితీయ. చెల్లెలు యమున ఇంటికి యముడు భోజనానికి వచ్చిన రోజని అమ్మే మాకు చిన్నప్పుడు చెప్పింది. అమ్మ మెత్తబడింది. "అయితే సరే, ఉపవాసం మాత్రం చెడగొట్టుకోకండి" అంది.

వేషాల గురించి ఒక్క మాట. దసరాకి పులివేషాలు చూస్తూ పెరిగినవాళ్లం, దుకాణంలో ప్యాకెట్‌లో దొరికే వేషాలు మనకెందుకు? యముడి కిరీటం అట్టపెట్టెతో, బంగారు రంగు కాగితంతో నేనే చేశాను. అంచుకి ముత్యాల దండ అతికించాను. సేలం వీధుల్లో ఎంతమంది ఆగి ఫొటోలు తీసుకున్నారో! ఎసెక్స్ స్ట్రీట్‌లో పది అడుగులు వేస్తే ఒకరు ఆపారు. మా మరిది దస్త్రం తెరిచి ప్రతి ఒక్కరి పేరూ తెలుగులో రాసి చూపిస్తే పిల్లల్లా సంబరపడ్డారు. నాకూ చెల్లికీ నల్ల ప్యాంటు, లోపల ఉన్ని బట్టలు, నడుముకి ఎర్ర గుడ్డ, చేతిలో తాడు, కాటుకతో పెద్ద మీసాలు. రాత్రికి చలి బాగా దిగుతుంది, కాబట్టి పలచటి బట్టలు వద్దు. కాళ్లకు నడక బూట్లే వేసుకోండి.

ప్రయాణం తేలిక. సేలంలో పార్కింగ్ అన్న ఆలోచనే పెట్టుకోకండి. మాల్డెన్ నుంచి ఆరెంజ్ లైన్ మెట్రోలో నార్త్ స్టేషన్, అక్కడి నుంచి కమ్యూటర్ రైలు అరగంట, మనిషికి 8 డాలర్లు.

పొద్దున పెరట్లో మట్టి కుప్పగా పోసి, పుట్ట అనుకుని పాలు పోశాం. చిమ్మిలి, చలిమిడి నైవేద్యం పెట్టి, చిమ్మిలి ఉండలు స్టీలు డబ్బాలో సర్దుకుని మధ్యాహ్నం రైలెక్కాం.

ఊళ్లోకి వెళ్లగానే ముందు స్మారకం చూడాలని నా పట్టు. 1692లో మంత్రగత్తెలనే నెపంతో ఇక్కడ 19 మందిని ఉరితీశారు. గైల్స్ కోరీ అనే ముసలి రైతు విచారణకు ఒప్పుకోకపోతే ఆయన మీద బండరాళ్లు పేర్చి చంపారు. 300 ఏళ్లకు, 1992లో, పాత శ్మశానం పక్కనే వాళ్ల గుర్తుగా ఈ చోటు కట్టారు. రాతి గోడలోంచి బయటికొచ్చిన 20 రాతి బల్లలు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు, ఎలా చంపారో, ఏ రోజు చంపారో. మొదట ఉరితీసిన బ్రిడ్జెట్ బిషప్ బల్ల మీద జూన్ 10 అని ఉంటుంది. నిన్న ఒక బల్ల మీద ఇద్దరు కూర్చుని వేయించిన పిండివంట తింటున్నారు. పంచదార పొడి ఆ అక్షరాల్లో పడి ఉంది. నేను వెళ్లి, అది చనిపోయిన మనిషి పేరండీ, కొంచెం లేవండి అన్నాను. లేచారు. మన ఊళ్లలో ఇప్పటికీ చేతబడి చేసిందని ఆడవాళ్లను కొట్టే వార్తలు చదువుతూనే ఉన్నాం. అలాంటి చోట కూర్చుని తినడానికి చేతులెలా వస్తాయో నాకు అర్థం కాదు. వెళ్లిన ప్రతివాళ్లూ ఆ 20 పేర్లూ చదవాలి. ఆ తర్వాతే పండగ.

ఇక అసలు సంగతి. రాత్రికి ఒక చోట పెద్దవాళ్లకు మాత్రమే వేషాల పార్టీ. కూర్చోవడానికి కుర్చీలు, పాటలు, వేషాలకు పోటీ అన్నారు. నెమ్మదిగా గడపాలనుకున్న మాకు సరిపోయినట్టే అనిపించింది. టికెట్ 45 డాలర్లు, నలుగురికి 180. మద్యం ఉంటుంది కాబట్టి టికెట్ మీద 21 ఏళ్లు దాటి ఉండాలి, ఐడీ తేవాలి అని మాత్రమే ఉంది. నేను తాగను, పైగా కార్తీకం. అయినా పాటలకు, పోటీకి వెళ్దామని నేనే ముందుండి కొన్నాను.

ఏడున్నరకి లైన్లో నిలబడ్డాం. 40 నిమిషాలు చలిలో. మా వంతు వచ్చింది. చెల్లి, మరిది మసాచుసెట్స్ లైసెన్సులు చూపించి లోపలికి వెళ్లారు. మా ఆయనకు ఆదివారం బోస్టన్ నుంచే ఆఫీసు పని మీద విమానం ఉంది కాబట్టి పాస్‌పోర్టు జేబులోనే ఉంది. మన ఇండియా పాస్‌పోర్టు చూసి ఆయన్నీ పంపారు. నేను న్యూజెర్సీ లైసెన్స్ ఇచ్చాను.

గుమ్మం దగ్గర ఉన్న అబ్బాయికి పాతికేళ్లు ఉంటాయేమో. కార్డు వంచి చూశాడు. గోరుతో అంచు గీకాడు. టార్చి నా మొహం మీద వేశాడు. మీసం తుడిచెయ్ అన్నాడు, ఫొటోతో పోల్చాలట. చెల్లి మీసం తుడవమని మాత్రం అనలేదు. సరే అని టిష్యూతో తుడుచుకున్నాను. కాటుక ఒక పట్టాన పోతుందా? బుగ్గల మీదికంతా పాకింది. వెనకున్నవాళ్లు చూస్తున్నారు. పొద్దుటి నుంచి ఉపవాసం, చేతిలో స్టీలు డబ్బా, మొహమంతా నలుపు. అలా నిలబెట్టి జిప్ కోడ్ అడిగాడు, చెప్పాను. తర్వాత "వాట్స్ యువర్ సైన్?" అన్నాడు.

సంతకం కాదు, కార్డు మీది పుట్టిన తేదీతో సరిచూడటానికి రాశి అడుగుతున్నాడని రెండోసారి అడిగాక అర్థమైంది. నేను ఫాల్గుణ పౌర్ణమికి పుట్టాను. ఉత్తరా నక్షత్రం, కన్యారాశి. 43 ఏళ్లుగా గుళ్లో అర్చనకి గోత్రంతో పాటు చెప్పుకుంటున్న రాశి అది. "వర్గో" అన్నాను.

అతను కార్డు మీద పుట్టిన తేదీ చూశాడు. మార్చి. నవ్వాడు. పక్కనున్నవాడిని పిలిచి చూపించాడు, ఇద్దరూ నవ్వారు. ఆ తేదీకి పుట్టినవాళ్లు వీళ్ల లెక్కలో మీనరాశి. వీళ్లు సూర్యుణ్ణి బట్టి చెప్తారు, మనం పుట్టినప్పటి చంద్రుణ్ణి బట్టి చెప్తాం. ఈ ముక్క చలిలో, వెనక యాభై మంది తొందరపెడుతుండగా, టార్చి వెలుగులో ఎలా వివరించాలి? ప్రయత్నించాను. చంద్రుడు, నక్షత్రం అంటుంటే అతను చేయి అడ్డం పెట్టి "స్టెప్ అసైడ్" అన్నాడు. ఈ కార్డు నాది కాదని తేల్చేశాడు!

నా కూతురు పదో తరగతి చదువుతోంది. నా జుట్టులో తెల్ల వెంట్రుకలు ఆ టార్చి వెలుగులో అతనికి కనపడే ఉంటాయి. నాకు 21 నిండలేదని అతనైనా నమ్మాడా? నేను తాగను, మంచినీళ్లు కూడా అక్కర్లేదు, మా వాళ్లతో కూర్చుంటాను చాలు అని చెప్పాను. ఫోన్‌లో ఉన్న పాస్‌పోర్టు ఫొటో చూపించాను. ఫొటోలు చెల్లవన్నాడు.

మేనేజరు వచ్చింది. ఆవిడ నా మొహం కూడా చూడలేదు. వేరే రాష్ట్రం లైసెన్సుల మీద మాది తుది నిర్ణయం, మీ వాళ్లు ఉండొచ్చు, మీరు ఉండకూడదు అంది. టికెట్ డబ్బు? వెనక్కి ఇవ్వరట. అప్పటికి మా చెల్లి లోపల్నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "పద అక్కా, ఇదేమన్నా వైకుంఠమా" అంది. వెనకాలే యముడు, చిత్రగుప్తుడు కూడా బయటికి వచ్చేశారు. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మరిది ఏమీ మాట్లాడకుండా తన కండువా ఇచ్చాడు, మొహం తుడుచుకోమని.

ఇవాళ దారిలో మసాచుసెట్స్ చట్టం వెతికి చదివాను. మద్యం అమ్మేవాళ్లు వయసు రుజువుగా ఏయే కార్డులను నమ్మితే చట్టం వాళ్లకు రక్షణ ఇస్తుందో అందులో ఉంది. ఆ రాష్ట్రపు లైసెన్స్, ఐడీ కార్డు, పాస్‌పోర్టు, మిలటరీ కార్డు. మన దేశపు పాస్‌పోర్టు కూడా పనికొస్తుంది. వేరే రాష్ట్రాల లైసెన్సుల మీద నిర్ణయం తమదేనంది మేనేజరు. అంటే తీసుకోవడం, తీసుకోకపోవడం వాళ్ల ఇష్టమట. మంచిది, ఇష్టమే అనుకుందాం. ఆ ఒక్క ముక్క టికెట్ మీద రాయడానికి ఏం ఖర్చవుతుంది? బయటి రాష్ట్రాల నుంచి లక్షల మంది వచ్చే ఊళ్లో, డబ్బు తీసుకునేటప్పుడు చెప్పకుండా, 40 నిమిషాలు నిలబెట్టి గుమ్మం దగ్గర చెప్తారా? అది నిబంధన పాటించడం కాదు, మోసం. వద్దంటే మర్యాదగా వద్దనొచ్చు. మొహం తుడిపించి నవ్వాల్సిన పని లేదు.

కాబట్టి న్యూజెర్సీ, టెక్సస్, ఎక్కడి నుంచి వెళ్లినా అసలు పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లండి. ఎవరైనా సైన్ అడిగితే జాతకంలో రాశి చెప్పకండి. ముందుగా డబ్బు కట్టే పార్టీల జోలికే వెళ్లకండి. సేలం వీధుల్లో సగం సరదా ఉచితమే.

ఆ తర్వాత ఒక చిన్న పిజ్జా కొట్టులో వాళ్లు ముగ్గురూ చీజ్ ముక్కలు తిన్నారు. అక్కడి పెద్దాయన కిరీటం చూసి, ఎవరు చేశారని అడిగి, నాకు వేడి నీళ్లలో నిమ్మకాయ పిండి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. స్టేషన్లో రైలుకి చాలా పెద్ద లైను. అది ఎంతసేపో లెక్కపెట్టలేదు.

రైల్లో సీటు దొరికాక డబ్బా మూత తీశాను. చిమ్మిలి ఉండలు కొంచెం చితికాయి. చెల్లి ఒకటి విరిచి నా నోట్లో పెట్టింది. పక్క సీట్లో గబ్బిలం రెక్కలు కట్టుకున్న అమ్మాయి చూస్తుంటే ఆమెకీ ఒకటిచ్చాం. నువ్వులు, బెల్లం అని చెప్తే, బాగుందని రెండోది అడిగింది.

డబ్బు వెనక్కి ఇమ్మని పార్టీ వాళ్లకు పొద్దునే ఈమెయిల్ పంపాను. జవాబు రాలేదు. రేపు మళ్లీ పంపుతాను.