పద్మిని తలుపు అడుగున తుప్పు: రేకు కంటే ముందు నీటి దారి

పాత కారుకు తుప్పు పట్టిందనగానే మన దగ్గర ముందుగా బయటికి వచ్చేది లప్పం డబ్బా. తుప్పును పైపైన గీకి, రంధ్రాన్ని లప్పంతో పూడ్చి, రంగు కొట్టి ఇచ్చిన పని చూడటానికి బాగానే ఉంటుంది కానీ, ఒక వానాకాలం గడిచేసరికి సరిగ్గా అదే చోట రంగు పొక్కుతుంది. లప్పం నాసిరకమైనది కావడం వల్ల ఇలా జరగదు. నీళ్లు వెనుక నుంచి వస్తుంటే మనం ముందు నుంచి మూశాం. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటి కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, పైన వేసిన పొర ఎంత గట్టిదైనా దాన్ని లోపలి నుంచి ఎత్తివేస్తుంది. హన్మకొండలో నా ప్రీమియర్ పద్మిని తలుపులను సొంతంగా బాగుచేసుకుంటున్నప్పుడు నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇదే: ఈ పనికి కొత్తగా దిగేవారు గ్రైండర్ పట్టుకునే ముందు నీటి దారిని వెతకాలి.

ఫియట్ 1100 నమూనా మీద ముంబైలోని కుర్లాలో తయారైన ఈ కారుకు పద్మిని అనే పేరు 1974లో వచ్చింది. దీనికి విడిగా చాసిస్ (అడుగున బరువు మోసే ఇనుప చట్రం) ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. ఇప్పటి కార్లలో విరివిగా వాడే జింకు పూత రేకు ఆ కాలపు మన కార్లలో లేదు. నా కారు 1980లలో ముంబైలో తిరిగి తరువాత ఇక్కడికి చేరింది. సముద్రపు గాలిలోని ఉప్పు, రేకు మీది తేమలో కరిగి తుప్పు పట్టే చర్యను వేగవంతం చేస్తుంది కనుక, పుట్టినప్పటి నుంచి వరంగల్‌లోనే ఉన్న బండి కంటే తీరం నుంచి వచ్చిన బండిని ఎక్కువ అనుమానంతో పరీక్షించాలి.

పరీక్షకు పెద్ద సామగ్రి అక్కరలేదు. ఒక చిన్న అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ పోతే, అది పట్టు వదిలిన చోట రేకు పోయిందనో, రేకు మీద మందంగా లప్పం ఉందనో తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టినప్పుడు మంచి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు మందకొడిగా పలుకుతుంది. నా కారు తలుపును పై నుంచి చూసి బాగుందన్నప్పుడు టింకరింగ్ షెడ్డులోని పెద్ద మిస్త్రీ నవ్వి, "పైకెల్లి సూస్తే ఏం సమజైతది బిడ్డా, అది లోపటికెల్లి తింటది" అన్నారు. లోపలి అట్ట విప్పి టార్చిలైటు వేసి చూడగా, ఆయన మాటే నిజమని తేలింది.

తలుపులోకి నీళ్లు రాకుండా ఉండవు. అద్దం వెంట ఉండే రబ్బరు బీడింగ్ కొత్తదైనా కొంత నీరు లోపలికి జారుతుంది. ఆ నీరు బయటికి పోవడానికే తలుపు అడుగున చిన్న రంధ్రాలు ఉంచుతారు. మన ఎండలకు బీడింగ్ పగిలి నీళ్లు ఎక్కువగా దిగడం ఒక ఎత్తు, దుమ్ము, ఎండుటాకులు, ఎవరో ఎప్పుడో మందంగా పూసిన రంగు కలిసి ఆ రంధ్రాలను మూసివేయడం మరో ఎత్తు. అప్పుడు బయటి రేకును లోపలి చట్రం మీదికి మడిచిన అంచులో తడి మట్టి పేరుకుపోయి, ఎండాకాలం వచ్చేదాకా ఆరదు. తలుపుల్లో తుప్పు ఎక్కువగా అడుగు నుంచే మొదలవడానికి కారణం ఇదే. ముందు అద్దం రబ్బరు కింద, డిక్కీ అడుగున, చక్రాల పైన మట్టి ఆగే మడతల్లో కూడా జరిగేది ఇంచుమించు ఇంతే.

కొత్తవారు తలుపుతో మొదలుపెట్టడం మంచిదని నేను అనడానికి కారణం, దాన్ని విప్పి బల్ల మీద పెట్టుకోవచ్చు, పైగా అది కారు బరువును మోయదు. పుచ్చిన భాగాన్ని గట్టి రేకు తగిలే వరకూ కోయాలి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు, ఎందుకంటే పలుచబడిన అంచుకు వెల్డింగ్ నిలవదు, రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. అట్టతో ముందు కొలత కత్తిరించుకుని, దాని ప్రకారం 20 గేజ్ కోల్డ్ రోల్డ్ రేకును (జింకు పూత లేని మామూలు ఉక్కు రేకు) కోసుకుంటే సరిపోతుంది. ఇది సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఇంటి కప్పుకు వేసే జీఐ రేకు మిగిలి ఉంది కదా అని వాడకూడదు. వెల్డింగ్ వేడికి దాని జింకు పూత పొగగా లేస్తుంది, ఆ పొగ పీల్చితే చలి, జ్వరం వస్తాయి.

గేట్లకు, గ్రిల్స్‌కు వాడే రాడ్ వెల్డింగ్ ఇంత పలుచని రేకును కాల్చి తూట్లు పెడుతుంది కాబట్టి, సన్నని తీగతో నడిచే మిగ్ వెల్డింగ్ కావాలి. దానితోనైనా గీత గీసినట్లు ఏకధాటిగా అతకడం కుదరదు. ఒక చుక్క ఇక్కడ, మరొకటి దూరంగా అక్కడ వేస్తూ, మధ్యలో రేకును చల్లారనిస్తూ, చివరికి చుక్కలన్నీ కలిసేలా పూర్తి చేయాలి. లేకపోతే రేకు వంకరపోతుంది, ఆ వంకరను సుత్తితో సరిచేయడం అతకడం కంటే కష్టం. పాత ఇనుప సామాను కొట్టులో దొరికే రేకు ముక్కల మీద చేయి కుదిరాకే తలుపు ముట్టుకోవడం ఉత్తమం. కారు మీదే వెల్డింగ్ చేయవలసి వస్తే బ్యాటరీ వైర్లు విప్పాలి, చుట్టుపక్కల సీట్లు, కార్పెట్ తీసివేయాలి, పెట్రోలు ట్యాంకు సమీపంలోనైతే ట్యాంకును దించనిదే మంట ముట్టించకూడదు.

గరుకుగా మిగిలిన గుంటల్లోని తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పూస్తే ఆ తుప్పు ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుతుంది. పొరలుగా ఊడే తుప్పును మాత్రం ఏ మందూ మార్చలేదు, దాన్ని గీకవలసిందే. ఆపైన ఎపాక్సీ ప్రైమర్, దాని మీదనే పలుచగా లప్పం. లప్పాన్ని వాటర్ పేపర్‌తో తడిపి రుద్దే అలవాటు మన షెడ్డుల్లో బాగా ఉంది కానీ, లప్పం స్పాంజిలా నీటిని పీల్చి లోపల దాచుకుంటుంది. నేను పొడి కాగితంతోనే రుద్దాను. దుమ్ము ఎక్కువ, మాస్కు తప్పదు. చివరగా తలుపు లోపలి మడతల్లోకి మైనం స్ప్రే చేసి, అడుగు రంధ్రాల్లో సన్నని తీగ దూర్చి అవి తెరుచుకునే ఉన్నాయని చూసుకోవాలి. తుప్పు మీదనే నల్లటి తారు కోటింగ్ కొట్టించడం నా దృష్టిలో డబ్బు ఇచ్చి తేమను బంధించడమే.

రంగు మార్చాలనుకునేవారు ఆర్‌సీలోనూ ఆ మార్పు చేయించుకోవాలి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నాటి కేంద్ర నిబంధనల కింద వింటేజ్ (పాతకాలపు వాహనం) రిజిస్ట్రేషన్ కోరే ఉద్దేశం ఉంటే, బాడీ అసలు రూపాన్ని మార్చే పనులు పెట్టుకోకూడదు.

తలుపుల కింద పొడవునా ఉండే సిల్లుల పని మాత్రం నేను చేయబోవడం లేదు. అవి కారు బలానికి ఆధారం. వాటిని కోసేటప్పుడు ద్వారం మధ్యలో ఇనుప కడ్డీలు అడ్డంగా అతికి, ఒక్కో వైపు విడివిడిగా చేయకపోతే బాడీ కుంగి తలుపులు పట్టవు. ఆ పనిని దీపావళి దాటాక, గాలిలో తేమ తగ్గిన రోజుల్లో, ఆ పెద్ద మిస్త్రీకే అప్పగించాలని మాట్లాడుకున్నాను. కోయడానికి ముందు తలుపు చుట్టూ ఉన్న సందులను కొలిచి రాసిపెట్టుకుని రమ్మన్నారు.